అంతర్యుద్ధపు టోకెన్లు కొనే ముందు

చిరంజీవి రఘుకి ఆశీస్సులు.

అమెరికా అంతర్యుద్ధం నాటి టోకెన్లు పోగుచేస్తానన్నావు. మంచిదే. కాకపోతే బొమ్మ నచ్చిందని డబ్బు తీయకు, ముందు రకం తేల్చుకో.

యుద్ధభయంతో 1862లో జనం సెంటు నాణేలు కూడా దాచేసుకుంటే, చిల్లర కరువై ప్రైవేటువాళ్ళు వీటిని కొట్టారు. సైజు దాదాపు 19 మి.మీ., అప్పటి సెంటంత. ఎక్కువ వాటి మీద 1863 ఉంటుంది. 1864లో చట్టంతో ఆపించారు. జెండాలు, నినాదాలు ఉన్నవి దేశభక్తి టోకెన్లు. కొట్టు పేరున్నవి స్టోర్ కార్డులు. కొన్నిటి మీద ‘వన్ సెంట్’ పెద్దగా, దానిపైన ‘నాట్’ చిన్నగా కనిపిస్తుంది. చూపుకి సెంటు, చదివితే ‘సెంటు కాదు’. కిటుకు తెలిసిందిగా!

ఫుల్డ్ అనేవాళ్ళ కేటలాగులో ప్రతి రకానికీ ఒక నంబరుంటుంది. దేశభక్తి టోకెన్‌కి ఫుల్డ్ నంబరంటే రెండు వైపుల అచ్చుల సంఖ్యలు, చివర లోహపు అక్షరం. ‘ఎ’ రాగి, ‘బి’ ఇత్తడి, ‘ఇ’ తెల్ల లోహం, ‘ఎఫ్’ వెండి. అవే అచ్చులు రాగిలో వేలకొద్దీ దొరకొచ్చు, వెండిలో రెండో మూడో ఉండొచ్చు. మోసపోయేది ఈ అక్షరం దగ్గరే. తెల్లగా ఉందంటే వెండి అనేస్తారు.

ఇంట్లోనే చూడొచ్చు. 0.01 గ్రాము చూపే త్రాసు కావాలి. టోకెన్‌ను పొడిగా తూచు. తర్వాత నీళ్ళగ్లాసు త్రాసు మీద పెట్టి సున్నా చెయ్యి. టోకెన్‌ను సన్నటి దారంతో నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదియ్యి. అడుగు తగలకూడదు, బుడగలు అంటుకోకూడదు. మొదటి బరువును ఇప్పుడు చూపే అంకెతో భాగించు. ఆ లోహం నీళ్ళకంటే ఎన్ని రెట్లు బరువో తేలుతుంది. 3.10ని 0.30తో భాగిస్తే 10.3, అంటే వెండి కావచ్చు. త్రాసు 0.42 చూపిస్తే 7.4, తగరం ఎక్కువున్న తెల్ల లోహం. 9 దగ్గర తేలితే వెండిపూత పూసిన రాగేమోనని అనుమానించు.

‘షూట్ హిమ్ ఆన్ ద స్పాట్’ (అక్కడికక్కడే కాల్చెయ్యి) అన్న నినాదంలో ‘స్పాట్’కు బదులు ‘స్పూట్’ అని తప్పుపడిన టోకెన్‌కు ఎక్కువ అడుగుతారు. తప్పు అచ్చులోనే ఉంది కనుక ఆ అచ్చున పడినవన్నీ అలాగే ఉంటాయి. ధర అచ్చు అరుదుతనాన్ని బట్టి చూడు, తప్పును బట్టి కాదు. అంచు చుట్టూ గీత, అక్షరాల మధ్య గుల్లలు ఉంటే పోతపోసిన నకలు, వదిలెయ్యి.

తోమకు, చింతపండూ వద్దు. రంగు పోతే విలువా పోతుంది. పీవీసీ కవర్లలో పెడితే ఆకుపచ్చ జిగురు పడుతుంది; పడితే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తియ్యి, రుద్దకు, మంట దగ్గరలో చెయ్యకు. మైలార్ (పీవీసీ లేని పాలియెస్టర్) కవరు వాడు. కొన్న రోజే చీటీ మీద నంబరు, బరువు, ధర రాసి అందులోనే పెట్టు.

పెదనాన్న