పింగాణీ కప్పులు పగిలి వస్తుంటే: ముందు పెట్టెను పడేసి చూడండి

చైనా నుంచి విశాఖ పోర్టుకు తెప్పిస్తున్న పింగాణీ కప్పులు ప్రతిసారీ పగిలి వస్తున్నాయని రాశారు కదండీ. అట్ట మందం పెంచమనేముందు, నిండా సర్దిన ఒక పెట్టెను ఫ్యాక్టరీలోనే పడేయించి వీడియో తీయించండి. రవాణా ప్యాకింగ్‌కు పరీక్షలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఇస్టా (ISTA) వాళ్ల 1ఎ పరీక్షలో 10 కిలోల లోపు పెట్టెను సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 10 సార్లు వదులుతారు: ముందు ఒక మూల, ఆ మూలలో కలిసే మూడు అంచులు, తర్వాత ఆరు పక్కలు. విప్పి చూస్తే దెబ్బ ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. పిడులు విరిగితే కప్పుల మధ్య అడ్డట్టలు చాలట్లేదేమో చూడండి. అడుగు వరుసే పగిలితే కింద మెత్త తక్కువైనట్టే. ఖాళీ పెట్టెతో చేస్తామంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి.

ఇంకోటి, కంటైనర్లో చెమ్మ పట్టిన అట్ట ఎంత మందమైనా పైబరువుకు కుంగిపోతుంది. తేమ పీల్చే సంచులు వేలాడదీయమనండి. పరీక్ష నెగ్గితేనే మిగతా డబ్బు అని ఆర్డరులోనే రాయించుకోండి.