ఇంటి చరిత్ర పాఠం మొదలుపెట్టే టీచరమ్మకు

తిరుపతి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి ఆశీర్వదించి రాయునది.

తొమ్మిదో తరగతి పిల్లల చేత వాళ్ల ఇంటి చరిత్ర రాయించి, కంప్యూటర్ మీద చూపించే పని పెట్టుకున్నావని తెలిసి చాలా సంతోషమైంది తల్లీ. నువ్వు అడిగినవన్నీ ఒకచోట రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు ల్యాబు తలుపు తియ్యొద్దు. ముందే మిషన్ల ముందు కూర్చోబెడితే పిల్లలు రంగులు, బొమ్మల్లో పడిపోతారు, స్లైడులో పెట్టడానికి సరుకు ఉండదు. ఆ రెండు వారాలూ నోటు పుస్తకమే. పేజీకి ఒక మనిషి. పేరు, ఇంటిపేరు, ఆడవాళ్లయితే పుట్టింటి ఇంటిపేరు కూడా, పుట్టిన ఊరు, చేసిన పని, ఆఖర్న ‘ఎవరు చెప్పారు’. ఈ ఆఖరిదాన్ని గట్టిగా పట్టుకో. ‘అవ్వ చెప్పింది’, ‘పెళ్లి పత్రికలో ఉంది’, ‘పాసు పుస్తకంలో చూశాను’ అని పక్కన లేని సంగతిని దిద్దకుండా వెనక్కి ఇచ్చెయ్. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయమను. విన్నదేదో, కాగితంలో చూసిందేదో వేరుచేసి చూడటం వస్తే చాలు, ఈ పాఠంలో నేర్పాల్సిందంతా నేర్పినట్టే.

అవ్వల్ని ‘ఏ సంవత్సరంలో పుట్టినావు’ అని అడిగితే జవాబు రాదు. ఆధార్ కార్డు తీసి చూపిస్తే అందులో చాలామందికి జనవరి 1 ఉంటుంది. అది వయసు అంచనా కట్టి వేసిన తేదీ, పుట్టినరోజు కాదు. మన ప్రాంతంలో అందరికీ గుర్తుండే వాటితో ముడిపెట్టి అడగమను. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో పడింది, ఎస్వీ యూనివర్సిటీ 1954లో వచ్చింది, కొత్త పైసలు 1957లో, రెండో ఘాట్ రోడ్డు 1974లో, తాలూకాలు పోయి మండలాలు 1985లో. ‘కొత్త పైసలు వచ్చేటప్పటికి మీ పెళ్లి అయిందా? చంకలో బిడ్డ ఉండాడా?’ అంటే జవాబు వెంటనే వస్తుంది. యూనివర్సిటీ వచ్చాక, కొత్త పైసలకు ముందు అని తేలితే దాన్ని ‘1954, 1957 మధ్య’ అని రాసుకోవాలి. ఖచ్చితంగా ఒక సంవత్సరం రాసేస్తే అది అబద్ధమవుతుంది.

సంవత్సరం పేరు చెప్పే పెద్దలూ ఉంటారు. పార్థివ అంటే 1945-46 కావచ్చు, 2005-06 కావచ్చు, 1885-86 కావచ్చు. అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కాబట్టి, ఆ పెద్దల పిల్లల వయసులతో సరిచూసి ఏదో తేల్చుకోవాలి. శిస్తు రసీదుల మీద ఫసలీ, అంటే రెవెన్యూ వాళ్ల సంవత్సరం లెక్క, ఉంటుంది. దానికి 590 కలిపితే జులైలో మొదలయ్యే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. ఫసలీ 1355 అంటే 1945 జులై నుంచి 1946 జూన్ వరకు.

పాత కాగితాల్లో మనవైపు పిల్లలు తప్పకుండా పొరబడే చోటు జిల్లా పేరు. తాతల దస్తావేజులో ‘ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా’ అని చూసి, మా వంశం ఆర్కాటు నుంచి వలస వచ్చిందని రాసేస్తారు. ఎవరూ ఎక్కడికీ కదల్లేదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చంద్రగిరి, తిరుపతి, చిత్తూరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. సత్యవేడు 1960లో చెంగల్పట్టు నుంచి మనకు వచ్చింది, తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. 2022 నుంచి తిరుపతి వేరే జిల్లా. కాబట్టి పట్టికలో ఊరికి రెండు గడులు పెట్టించు: కాగితంలో ఉన్న జిల్లా ఒకటి, ఇప్పటి జిల్లా ఒకటి. తమిళంలో ఉన్న దస్తావేజు బయటపడినా ఇదే సంగతి. అది ఇంటి భాషకు రుజువు కాదు.

కాగితాల కోసం ముందు మీ బడిలోనే వెతుకు. అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ ఉంటాయి. అదే బడిలో చదివిన నాయన, మేనమామ కనబడితే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. హెడ్మాస్టరు అనుమతి తీసుకుని, ఎవరి ఇంటి వరస వాళ్లకే నువ్వే చూపించు. రిజిస్టరు వాళ్ల చేతికివ్వద్దు. పెళ్లి పత్రికల్లో తాతల పేర్లుంటాయి. మీభూమి అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కనిపించే 1బి అనే భూమి రికార్డులో ఇప్పటి పట్టాదారు పేరే ఉంటుంది, ముత్తాత కావాలంటే పాత అడంగల్ (ఊరి భూమి, పంటల లెక్క) గానీ, దస్తావేజు గానీ చూడాలి. కొన్ని ఇళ్లకు వంశరాజులు వచ్చి గోత్రాలు, తరాలు చెప్పే వాడుక ఉంది. వాళ్లు వచ్చే ఇల్లయితే ఆ రోజు ఫోనులో రికార్డు చేసుకోమను.

రికార్డింగుకు ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోతుంది. ఫ్యాను ఆపాలి. మొదట ఒక నిమిషం మాట్లాడించి విని చూసుకోవాలి. ఇరవై నిమిషాలు దాటితే పెద్దవాళ్లు అలసిపోతారు.

మూడో వారం ల్యాబు. నలభై మంది, పన్నెండు మిషన్లు అన్నావు కదా, మిషనుకు ముగ్గురు, నాలుగు మిషన్లకు మాత్రం నలుగురేసి. ఒకరు టైపు, ఒకరు నోటు పుస్తకం చదవడం, మిగతావాళ్లు తప్పులు చూడటం, పదిహేను నిమిషాలకోసారి మార్చు. ముందు ఎక్సెల్ లాంటి లిబ్రేఆఫీస్ కాల్క్‌లో పట్టిక. ప్రతి మనిషికీ ఒక నంబరు. తండ్రి, తల్లి, భార్య, భర్త గడుల్లో పేరు కొట్టించొద్దు, నంబరే కొట్టించు. మన ఇళ్లల్లో తాత పేరే మనవడికి పెడతారు, పేరుతో వెతికితే ఇద్దరూ ఒకరైపోతారు. మేనరికాలు సరేసరి. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఆమె ఒకవైపు మనవరాలు, ఇంకోవైపు కోడలు. వంశవృక్షం గీసేటప్పుడు ఆమె రెండు చోట్ల పడుతుంది. రెండు చోట్లా ఒకే నంబరు ఉంటే గందరగోళం లేదు. తర్వాత గ్రాంప్స్ అనే వంశవృక్షాల ఉచిత సాఫ్ట్‌వేరులోకి ఎక్కించాలంటే పట్టికను సీఎస్‌వీ అనే ఫైలు రకంగా, అక్షరాల ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని ఎంచి సేవ్ చేయించు. లేకుంటే తెలుగంతా ప్రశ్న గుర్తులవుతుంది.

తేదీల గడి దగ్గర జాగ్రత్త. గడి తేదీ ఫార్మాట్‌లో ఉండగా ఉత్త 1952 అని కొడితే 1905 మే 5 అని చూపిస్తుంది, పిల్లలు గమనించరు. ఎక్సెల్ అయితే 1900కు ముందు తేదీల్ని తేదీలుగానే తీసుకోదు. సంవత్సరం, నెల, రోజు మూడు వేరు గడుల్లో మామూలు అంకెలుగా పెట్టిస్తే ఈ తిప్పలన్నీ పోతాయి.

తెలుగు యూనికోడ్‌లోనే కొట్టాలి. డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంటులో కొట్టించి తెచ్చింది బడి కంప్యూటర్లో గజిబిజిగా కనబడుతుంది. ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచు, పెన్‌డ్రైవులు మారేటప్పుడు తెలుగు పేర్లు ఒక్కోసారి పాడవుతాయి.

చిన్న ఫొటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), కాగితాలను 300లో స్కాన్ చెయ్యాలి. అద్దానికి అతుక్కున్న ఫొటోను ఊడదియ్యొద్దు, పైపొర చిరిగి మొహమే పోతుంది. ఫ్రేముతోనే వసారాలో నీడన పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోను సమంగా పట్టి తియ్యాలి. ఫొటో వెనక పెన్నుతో రాయనివ్వకు, మెత్తటి పెన్సిలు వాడించు.

ఒక మాట మనసులో పెట్టుకో అమ్మా. తండ్రి వదిలేసిన పిల్ల, దత్తు వచ్చిన పిల్లవాడు, హాస్టలులో పెరిగినవాడు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లకు వేరే పని ఇస్తే అందరి కళ్లూ వాళ్ల మీదే. అందుకని మొత్తం తరగతికే ఎంచుకునే వీలివ్వు: వంశం, ఇల్లు, చేతిపని, ఇంట్లో పాత వస్తువు, వీటిలో ఏదైనా ఒకటి. కులం గడి పెట్టొద్దు. ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు తెర మీద కనబడకూడదు. అన్నదమ్ముల భూమి తగాదా ఉన్న ఇంట్లో ఆ ఒక్క స్లైడుతోనే గొడవ లేస్తుంది. ఇంట్లో వద్దన్న సంగతి వద్దంతే.

చూపించేటప్పుడు మనిషికి ఐదు స్లైడులు, నాలుగు నిమిషాలు. నలభై మందికి 160 నిమిషాలు, రెండు మధ్యాహ్నాలు పెట్టుకో. అక్షరం సైజు 28కి తగ్గకూడదు, స్లైడుకు ఒక్క ఫొటో. ప్రతి స్లైడు కింద ‘ఎవరు చెప్పారు’ ఉండాలి. పీడీఎఫ్‌గా మార్చి తెస్తే ఫాంట్లు చెదరవు, అయితే అందులో అవ్వ గొంతు మోగదు. ఆడియో ఫైలు అదే ఫోల్డరులో విడిగా ఉంచి నువ్వే నొక్కు. అవ్వాతాతల్ని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టు. వాళ్లు మధ్యలో లేచి ‘అట్ల కాదు నాయనా’ అంటే ఆపొద్దు. ఎవరన్నారో అడిగి, ఆ పిల్లవాడి చేత పట్టికలో అక్కడికక్కడే రాయించు.

ఖాళీ పట్టిక తయారుచేసి పంపితే గడులు సరిచూసి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాయన