మేనకోడలికి ఉత్తరం: ముదిరిన జంట తారలు, ధూళి చక్రాలు

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వయసు మళ్లిన జంట నక్షత్రాల చుట్టూ తిరిగే ధూళి చక్రాల మీద పరిశోధన చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంతో పాటు గుబులు కూడా కలిగింది. ఆ గుబులు నీ తెలివి గురించి కాదు, చిన్ననాటి నుంచీ నిన్ను వదలని తొందర గురించి.

లెక్కలు, ప్రోగ్రామింగు నీకు వచ్చు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పవలసింది కాలం గురించి.

నాతో పనిచేసిన ఒకాయన ఏసీ హెర్క్యులిస్ అనే, ఆర్‌వీ టారీ రకానికి చెందిన ముసలి తారను ఒక్క వేసవి చూసి, వర్ణపటంలో రేఖలు అటూఇటూ జరగడం తోడు నక్షత్రం లాగడం వల్లేనని నమ్మి, ఆ తోడు ద్రవ్యరాశిని కూడా లెక్కగట్టేశాడు. ఆ తార ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. దాని వెలుగు మార్పుల ఆవృత్తి సుమారు 75 రోజులు. జంట కక్ష్యకు పట్టేది సుమారు 1,190 రోజులు. ఊపిరి పీల్చే మనిషి ఛాతీని చూసి నడుస్తున్నాడని అనుకున్నట్టయింది ఆయన పని. అది ఉన్న హెర్క్యులిస్ రాశి రాత్రంతా కనిపించే నెలల్లోనే మనకు నైరుతి మబ్బులు కమ్ముతాయి కాబట్టి, పొరపాటును సరిచూసుకునే రాత్రులు కూడా ఆయనకు దక్కలేదు. మనిషి ఎంతో తెలివైనవాడు, అందుకే నాకు ఇంత భయం. ఐదేళ్ల పీహెచ్‌డీలో ఆ జంట పూర్తిచేసేది ఒకటిన్నర చుట్టే. ఇతరులు ఏళ్ల తరబడి కొలిచి దాచిన వేగాలను అడిగి తీసుకోవడానికి సిగ్గుపడకు.

దగ్గరి పరారుణంలో, అంటే కంటికి కనబడే ఎరుపుకు కాస్త అవతల, వెలుగు ఎక్కువగా కనిపించగానే నక్షత్రం ఇప్పుడే ధూళిని కక్కుతోందని రాయకు. ధూళి ఆవిరయ్యే హద్దు దగ్గరే నిలిచి, రెండు తారల చుట్టూ స్థిరంగా తిరుగుతున్న చక్రం కావచ్చు. 2016లో చిలీలోని వీఎల్‌టీ అనే వేధశాల టెలిస్కోపుల వెలుగును కలిపి ఐరాస్ 08544-4431 అనే ముసలి జంట చుట్టూ అటువంటి వలయాన్నే విడిగా చూపించారు. అది ఉన్న వేలా రాశి ఫిబ్రవరి రాత్రుల్లో మన మిద్దె మీది నుంచి దక్షిణాన కనిపిస్తుంది. అలాగే, ఇనుము తక్కువగా ఉన్నంత మాత్రాన అది పురాతన తార అనుకోకు. ఇనుము ధూళిలో చిక్కుకుపోయి, వాయువు మాత్రమే తిరిగి తార మీద పడి ఉండవచ్చు. ధూళిలో అంత సులువుగా చిక్కని జింకు, గంధకం కూడా కొలిచాకే మాట్లాడు.

కావలూరు వేధశాలలో రాత్రి పని పడితే అన్నం మానకు తల్లీ, మీ అమ్మకు నిద్ర పట్టదు.

ఎంచుకున్న తారల జాబితా నాకు పంపు. ఒక్కోదాని పక్కన వెలుగు ఆవృత్తి, కక్ష్యా కాలం రెండూ విడివిడిగా రాయి. కక్ష్య తెలియని చోట గడిని ఖాళీగానే వదిలెయ్యి.

ఇట్లు,
మామయ్య