ఆడ, మగ తేడాలు పుట్టుకతో వచ్చేవా, పెంపకంతో వచ్చేవా?

ఒంటి బలం సంగతైతే చాలావరకు పుట్టుకదే. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ పెరిగాక మగపిల్లలకు కండ పడుతుంది. పేచీ అంతా స్వభావం దగ్గరే. "పోటీ మగవాళ్ల గుణం" అంటారు కదా, 2009లో అచ్చయిన ఒక పరిశోధన చూడండి. టెన్నిస్ బంతిని 3 మీటర్ల దూరంలోని బకెట్లో వెయ్యాలి. పడ్డ ప్రతి బంతికీ కొంత డబ్బు తీసుకుంటారా, లేక ఎదుటివాళ్లను గెలిస్తేనే మూడింతలు తీసుకుంటారా అని అడిగారు. ఆఫ్రికాలోని టాంజానియాలో, మగవాళ్ల పెత్తనం నడిచే మాసాయి తెగలో పోటీకి సై అన్న మగవాళ్లు 50 శాతం, ఆడవాళ్లు 26. మేఘాలయలోని ఖాసీ తెగలో లెక్క తిరగబడింది: ఆడవాళ్లు 54, మగవాళ్లు 39! ఖాసీల్లో ఇంటిపేరు తల్లిది, తాతల ఆస్తి చిన్నకూతురిది. ఒక్క ఆటతో అంతా పెంపకమే అని తేల్చలేం గానీ, "ఆడవాళ్లు పుట్టుకతోనే వెనకడుగు వేస్తారు" అన్న మాట నేనైతే ఒప్పుకోను.