హత్య చేసిన ప్రతివాడికీ ఉరి తప్పనిసరి చేయాలా?

వద్దు. హంతకుల మీద జాలితో చెబుతున్న మాట కాదిది. మా మేనమామను నరికినవాడు ఇప్పటికీ ఊళ్లోనే తిరుగుతున్నాడు.

పొలం గట్టు తగాదా అది. కళ్లారా చూసింది ఒక్కడే, పక్క చేలో నీళ్లు కడుతున్న కౌలురైతు. పోలీసులకు అంతా చెప్పాడు. సెషన్స్ కోర్టులో అతని సాక్ష్యం దాకా వచ్చేసరికి మూడేళ్లు పట్టింది. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి లాయర్ల బహిష్కరణ, ఇంకోసారి పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) మారారు. ప్రతి వాయిదాకీ అత్తయ్య క్యారేజీ కట్టుకుని రెండు బస్సులు మారి వచ్చేది. టీవీల్లో కూర్చుని 'వెంటనే ఉరి తీయాలి' అని అరిచేవాళ్లు ఒక్కరోజు ఆ కోర్టు వరండాలో కూర్చోవాలి.

ఆ రోజు వరండాకు ఒక చివర అత్తయ్య, రెండో చివర ముద్దాయి తల్లి. బంట్రోతు పిలవగానే రైతు బోనెక్కాడు. చేతిలో తువ్వాలు నలుపుతూనే ఉన్నాడు. "నేను వెళ్లేసరికే పడిపోయి ఉన్నాడండీ. ఎవరు కొట్టారో చూడలేదు" అన్నాడు. పీపీ పాత వాంగ్మూలం చదివి వినిపించినా అదే మాట. టీ కొట్టు దగ్గర పట్టుకుని "ఎందుకలా చెప్పావు బాబాయ్?" అని అడిగాను. "హత్యంటే ఉరేనంట కదా అబ్బాయ్. జైలే అయితే చెప్పేవాణ్ణి. ఆ తల్లి ఉసురు నా పిల్లలకు తగలదా?" అన్నాడు.

కేసు కొట్టేశారు. "అంటే మీ మామయ్యను ఎవరూ చంపలేదనా?" అని అడిగింది అత్తయ్య.

హత్యకు యావజ్జీవం కూడా వేయొచ్చని అతనికి తెలియదు. అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలని 1980లోనే బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్పనిసరి అన్న అప్పటి శిక్షాస్మృతి (ఐపీసీ) 303 సెక్షన్‌ను కూడా 1983లో కొట్టేసింది. ఇప్పుడు అందరికీ తప్పనిసరి చేస్తే ప్రతి సాక్షీ ఆ రైతు బాబాయిలాగే అడ్డం తిరుగుతాడు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

పైగా కోర్టులూ పొరబడతాయి. 2007లో విజయవాడ దగ్గర హాస్టల్లో విద్యార్థినిని చంపిన కేసు గుర్తుందా? 2010లో ఒక కుర్రాడికి యావజ్జీవం వేశారు. 2017లో హైకోర్టు అతణ్ణి నిర్దోషి అంది. ఉరి తప్పనిసరై ఉంటే ఆ ఏడేళ్లూ అతను ఉరికంబాన్ని తలుచుకుంటూ బతకాల్సి వచ్చేది.

ఉరి కోసం పెట్టే కేకలు సాక్షుల కోసం పెట్టండి. కోర్టుకొచ్చిన రోజు వాళ్లకు కూలీ పోతుంది, ఊళ్లో బెదిరింపులు వేరే. మా సాక్షి ఆ రోజు కోర్టుకు వచ్చింది ముద్దాయి వాళ్ల ఆటోలో. రానూపోనూ చార్జీ ఇచ్చి, పక్కన ఒక కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టి ఉంటే అతను ఆ ఆటో ఎక్కేవాడే కాదు.