గుమ్మడికాయ కూర ముద్దవుతోందా?

సంక్రాంతి దప్పళం అయిపోయాక ఇంట్లో మిగిలిన గుమ్మడికాయను ఏం చేయాలో తోచక చాలామంది రాశారు. ఈసారి శీర్షిక మొత్తం మంచి గుమ్మడికే. బూడిద గుమ్మడి వేరే జాతి, దాని సంగతి మరోసారి.

ప్రశ్న: గుమ్మడికాయ కూర ఎప్పుడు చేసినా ముక్క నిలవడం లేదు, ముద్దయిపోతోంది. అడుగంటకుండా అరగ్లాసు నీళ్లు పోస్తాను, అంతకంటే ఎక్కువ పోయను. (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

ఆ అరగ్లాసు నీళ్లే మీ కూరను ముద్ద చేస్తున్నాయి. గుమ్మడి ముక్కలో పదింట తొమ్మిది పాళ్లు నీరే. ఉప్పు తగిలి సెగ ఎక్కిందంటే నాలుగైదు నిమిషాల్లో మూకుడు అడుగున ఊట కనిపిస్తుంది. ముక్క ఉడకడానికి ఆ ఊట చాలు. పైనుంచి పోసిన నీళ్లు ఇగరాలంటే కూర ఇంకో పది నిమిషాలు పొయ్యి మీద ఉండాలి. ముక్క ఈలోపే ఉడికిపోయి ఉంటుంది కాబట్టి ఆ పది నిమిషాలూ చిదికిపోవడమే దాని పని.

కొలతలతో చెబుతాం. చెక్కు, గింజలు తీశాక అరకిలో ముక్కలు రావాలంటే దాదాపు 700 గ్రాముల కాయ కావాలి. గింజల చుట్టూ ఉండే పీచును చెంచాతో గీకి పూర్తిగా తీసెయ్యండి. ముందుగా కరిగి ముద్దకు దారితీసేది అదే. ముక్కలు అంగుళం మేర, అన్నీ ఒకే సైజులో కొయ్యండి. తేడా ఉంటే పెద్దవి ఉడికే వేళకు చిన్నవి కనిపించకుండా పోతాయి. మూకుడు వెడల్పాటిది తీసుకోండి. ముక్కలు రెండు వరుసలకు మించి పేరుకుంటే అడుగువి పైవాటి బరువుకే నలుగుతాయి.

రెండు టేబుల్ స్పూన్ల నూనె కాగాక టీస్పూను శనగపప్పు, టీస్పూను మినప్పప్పు వెయ్యండి. అవి ఎర్రబడుతుండగా అర టీస్పూను ఆవాలు, అర టీస్పూను జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు. ఆవాలు చిటపటలాడాక చిటికెడు ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు, మూడు చీల్చిన పచ్చిమిరపకాయలు. ముక్కలు వేసి పావు టీస్పూను పసుపు, ముప్పావు టీస్పూను ఉప్పు చల్లి ఒకసారి కలిపి, మూతపెట్టి సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు వదిలెయ్యండి. కొన్ని కూరలకు మూత పళ్లెంలో నీళ్లు పోస్తారు చూడండి, దీనికి ఆ పని వద్దు. ఆవిరంతా చల్లబడి తిరిగి కూరలోకే కారుతుంది.

మధ్యలో ఒక్కసారి, అదీ గరిటె పెట్టకుండా, మూకుడు చెవులు పట్టుకుని కుదపండి. చాకు మొన గుచ్చితే కొంచెం అడ్డు తగులుతూ దిగాలి. అడ్డే లేకుండా జారిపోయిందంటే ఆలస్యమైనట్టే. ఆ గుర్తు కనబడగానే మూత తీసి, మంట కాస్త పెంచి, మూడు నాలుగు నిమిషాలు ఊట ఇగరనివ్వండి. ముక్కల అంచులు మెరుస్తూ, అడుగున నూనె మాత్రమే కనిపించేటప్పుడు దించెయ్యండి. మూకుడు వేడికే ఇంకాస్త మగ్గుతుంది. చివర్న టేబుల్ స్పూను నువ్వులపొడి చల్లితే మిగిలిన తడిని పీల్చుకుంటుంది, రుచి కూడా వస్తుంది. కుక్కర్ జోలికి మాత్రం పోకండి, ఒక్క విజిల్‌కే గుజ్జు.

ఇంత చేసినా ఏ రోజైనా ముద్దయితే పారేయనక్కర్లేదు. చల్లార్చి, కప్పు గట్టి పెరుగు, కాస్త ఉప్పు కలిపితే మంచి పెరుగు పచ్చడి.

ప్రశ్న: గుమ్మడికాయకు ఆవ పెడితే ఒకసారి ఘాటే ఉండదు, ఇంకోసారి చేదు. తప్పు ఎక్కడ? (కాకినాడ)

ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. గింజలో ఒకదానికొకటి అంటకుండా ఉన్న రెండు పదార్థాలు, అది నలిగి తడి తగిలాక కలుస్తాయి. వాటిలో ఒకటి ఎంజైము. అవి కలిసినప్పుడే ఘాటు పుడుతుంది. మరిగే నీళ్లు పోసి నూరితే ఎంజైము పనిచేయడం మానేస్తుంది, ఇక ఘాటు పుట్టదు. పుట్టిన ఘాటు కూడా వేడికి ఆవిరైపోయేదే. పొయ్యి మీద ఉడుకుతున్న కూరలో ఆవ కలిపితే ఘాటు గాల్లో కలిసి, చేదు కూరలో మిగులుతుంది. మీకు ఎదురైన రెండు ఇబ్బందుల్లోనూ ఈ వేడి చెయ్యి ఉండే ఉంటుంది.

అరకిలో ముక్కలకు ఒక టీస్పూను ఆవాలు చాలు, రెండయితే చేదు ఖాయం. వాటితోపాటు టీస్పూను బియ్యం కలిపి చన్నీళ్లలో అరగంట నానబెట్టండి. ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు చేర్చి రెండు చెంచాల చన్నీళ్లతో నూరండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, జార్ వేడెక్కకూడదు. నూరిన వెంటనే నాలుకకు రాసుకుంటే చేదే తగులుతుంది. పది నిమిషాలు మూతపెట్టి ఉంచితే ఘాటు పైకొస్తుంది. చింతపండు రసం ఆవలో పోసి నూరకండి, పులుపు ఎంజైమును మందగింపజేస్తుంది. గోలీకాయంత చింతపండు రసం, టీస్పూను బెల్లం కూరలోనే వేసి ఇగర్చండి. దించాక గిన్నె పక్కన చెయ్యి ఆనిస్తే ఓర్చుకునేంత చల్లారనిచ్చి, అప్పుడు ఆవ కలిపి మూతపెట్టండి. పావుగంటలో ముక్కకు పడుతుంది.

ప్రశ్న: తొక్క తీయాలా, ఉంచాలా? (హైదరాబాద్)

గోరు గుచ్చి చూడండి. దిగితే లేత కాయ, తొక్కతోనే వండండి. ముక్కను కట్టిపట్టి ఉంచేది ఆ తొక్కే. గోరు దిగకపోతే ముదురు, చెక్కు తీయాల్సిందే. బజారులో కోసిన ముక్క కొనేటప్పుడు కండ చిక్కటి నారింజ రంగులో, గింజలు గట్టిగా నిండుగా ఉన్నదాన్ని ఎంచుకోండి. కోసిన వైపు జిగురుగా ఉంటే తీసుకోవద్దు. ఇంట్లో కోసింది మిగిలితే గింజలు, పీచు తీసేసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఆగుతుంది. కోయని పండిన కాయ తొడిమతో సహా గాలి తగిలేచోట ఉంటే నెలల తరబడి చెడదు.

ప్రశ్న: అక్టోబరు వచ్చిందంటే ఇక్కడి మార్కెట్లలో రకరకాల గుమ్మళ్లు పెడతారు. మన కూరకు ఏది పనికొస్తుంది? (డాలస్, అమెరికా)

బటర్‌నట్ తీసుకోండి. మనం ఇక్కడ వండుకునే గుమ్మడి, అదీ ఒకే జాతి, కుకుర్బిటా మొస్కాటా. పైన చెప్పిన పద్ధతి మార్చకుండా సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: గింజల్లేని మెడ భాగం గట్టిగా ఉంటుంది, కింది బొజ్జ భాగం మెత్తన. మెడ ముక్కలు ముందు వేసి, రెండు మూడు నిమిషాలయ్యాక బొజ్జవి వెయ్యండి. చెక్కు తీసేటప్పుడు దాని జిగురు ఆరి చేతుల చర్మం బిగుసుకున్నట్టవుతుంది, కొందరికి పొట్టు కూడా లేస్తుంది. ముందే చేతులకు నూనె రాసుకోండి.

కబోచా అనే ముదురాకుపచ్చ గుమ్మడి చాలా తియ్యన, కానీ పొడిపొడిగా ఉంటుంది. నీళ్లు పోయొద్దన్న మాట దీనికి వర్తించదు. మూడు నాలుగు టేబుల్ స్పూన్ల నీళ్లు చిలకరించకపోతే పోపు మాడుతుంది. ఉడికితే తొక్క కూడా తినొచ్చు. ఏకార్న్ అనే చిన్న గుమ్మడికి ఒంటినిండా గాడులే, చెక్కు తీయడం పెద్ద శ్రమ, సగానికి కోసి ఆవిరి మీద ఉడికించి కండ తీసుకోవడమే నయం. హాలోవీన్‌కు బొమ్మలు చెక్కడానికి అమ్మే పెద్ద కాయలు కూరకు వద్దు. పీచు ఎక్కువ, నీరు ఎక్కువ, రుచి తక్కువ.

ప్రశ్న: పులుసులో గుమ్మడి ముక్క ఎంతసేపు మరిగినా మెత్తబడలేదు. (కర్నూలు)

చింతపండు ముందే పోసి ఉంటారు. పులుపు ముక్కను బిగబడుతుంది, బెల్లమూ అంతే. ముందు ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ముప్పావు వంతు ఉడకనిచ్చి, ఆ తర్వాతే చింతపండు రసం, ఆ పైన బెల్లం వెయ్యండి. ఇదే గుణాన్ని మరోలా వాడుకోవచ్చు. కాయ మరీ పండి చిదికిపోయేలా ఉంటే రసం మొదట్లోనే పోస్తే ముక్క నిలబడుతుంది.

ప్రశ్న: పెరట్లో కాసిన గుమ్మడి చేదుగా ఉంది. బెల్లం ఎక్కువ వేస్తే సరిపోతుందా? (శ్రీకాకుళం)

వద్దు. ఆ చేదు కుకుర్బిటాసిన్లనే పదార్థాలది. ఉడికించినా పోదు, బెల్లం రుచిని కప్పుతుందే తప్ప దాన్ని తీసేయదు. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కాయ మొత్తం పారేయండి, దాని గింజలు కూడా విత్తనానికి దాచకండి. ఏ గుమ్మడినైనా కోయగానే గోరంత పచ్చిముక్క నాలుకకు తాకించి, చేదు తగిలితే ఉమ్మేసి, లేకపోతేనే పోపు పెట్టుకోండి.