3005 వేసిన పిల్లాడి సంగతి రాయి

తమ్ముడికి,

కొత్తగా పెట్టబోయే బ్లాగు కోసమని నువ్వు పంపిన మూడు పోస్టులూ చదివాను. మొదటిది, గురువు దైవంతో సమానం అంటూ సాగేది, సెప్టెంబరు 5 వస్తే ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరిగే సరుకే. దాంతో మాత్రం బ్లాగు మొదలుపెట్టకు. నాకు ఒళ్లు మండింది రెండోదానికి. మూడొందల ఐదు రాయమంటే మూడో తరగతి పిల్లాడు 3005 వేశాడని ఒక్క ముక్క అనేసి, ఇలాంటి వాళ్లతో ఎంత ఓపిక కావాలో అంటూ నీ ఓపిక గురించి పేజీ నింపావు. అసలు కథ అక్కడుంటే దాటిపోయావేంటయ్యా!

వాడు చేసింది చూడు. మూడొందలు అని వినగానే 300 వేశాడు, ఐదు అని వినగానే పక్కన 5 వేశాడు. విన్నది విన్నట్టు రాశాడు, స్థానవిలువ ఇంకా ఒంటబట్టలేదు, అంతే. మరి నలభై రెండు రాయమంటే 402 వేస్తాడా, 42 సరిగ్గానే వేస్తాడా? 300 రాసిన అట్టముక్క మీద, చివరి సున్నా మూసుకుపోయేట్టు 5 రాసిన ముక్క పెట్టి చూపిస్తే ఏమన్నాడు? పని చెయ్యకపోతే మర్నాడు ఏం చేశావు? ఇవి రాస్తే అదే తప్పుతో తల పట్టుకున్న ఇంకో టీచరు వెతుక్కుంటూ నీ దగ్గరికొస్తాడు, వచ్చే ఏడాది మళ్లీ మూడో తరగతి నీకే తగిలితే నీకూ పనికొస్తుంది. టీచరు బ్లాగుకి ఇంతకు మించిన ఉపయోగం నాకు తోచదు. పిల్లల తప్పులు రాయి, ఆ తప్పు వెనక వాళ్లు వేసుకున్న లెక్క రాయి.

కొత్తలో నేనూ ఇలాంటిదే ఒకటి, సగానికి మూడో వంతు కలిపి 2/5 అన్న అమ్మాయి గురించి రాసి ఒక పత్రికకి పంపాను. సంపాదకుడు "నీతి ఏది మాస్టారూ" అని, చివర ఒక పేరా తనే తగిలించి అచ్చేశాడు. అందులో ఆ అమ్మాయి కలెక్టరై వచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. అప్పటికింకా ఆ పిల్ల ఏడో తరగతే! ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. 2006, 2007 ప్రాంతాల్లో లేఖిని అనే తెలుగు టైపింగు సైటులో టైపు చేసుకుని బ్లాగులో పెట్టుకోవడం, అది తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలిలో కనబడటం మొదలయ్యాక మళ్లీ ఏ పత్రిక గడపా తొక్కలేదు.

నీ మూడో పోస్టు, యూనికోడ్ కాని పాత 'అను' ఫాంటులో కొట్టి పీడీఎఫ్ చేశావు. పోస్టులో అలా పెడితే వెతికినా ఎవరికీ దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. యూనికోడ్‌లో కొట్టు, ఫోన్లో ఉన్న తెలుగు కీబోర్డు చాలు. టెంప్లేట్లూ యాడ్సూ తర్వాత చూద్దాం.

ఇంకోటి. ఆ మూడోదాంట్లో పిల్లాడి పేరు, ఊరు, వాళ్ల నాన్న తాగుడు, పైగా ఫొటో. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలకి అమ్మానాన్నల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం అంటోంది. చట్టం సంగతి అటుంచు, వాడు పదో తరగతికొచ్చాక పక్క బెంచీవాడు సరదాకి వాడి పేరు కొట్టి చూస్తే మొదట నీ పోస్టే వస్తుంది. అవన్నీ తీసేశాకే పబ్లిష్ నొక్కు.